పిల్ల నోటుబుక్కు పిల్లదే

ఈ వారం ఉత్తరాల్లో ఒక బెజవాడ చెల్లెలి దగ్గరే ఆగిపోయాను. మిగతావాళ్ళకి వచ్చేవారం జవాబిస్తాను, ఏమనుకోకండమ్మా.

ఆవిడ కూతురు ఇంటర్ రెండో సంవత్సరం. అక్షరాలు కోడి కెలికినట్టుంటాయట. చేతిరాత చూసి స్వభావం చెప్పే ఆయన ఎవరో ఉన్నారంటే తీసుకెళ్ళింది. "ఈ పిల్లకి ఆత్మవిశ్వాసం తక్కువ. సంతకం కింద గీత పైకి లేచేలా గీయించాలి, రాత మారితే మనిషే మారుతుంది" అని చెప్పి, కోర్సులో చేరమన్నాడట. "చేర్పించనా అక్కా?" అని అడుగుతోంది. ఉత్తరం ముగించి సంతకం పెట్టేశాక, కాగితం అంచున ఇరికించి ఇంకో రెండు వాక్యాలు రాసింది. పిల్ల బ్యాగులో ఒక నోటుబుక్కు దొరికిందట. అందులో మనసులో మాటలేవో రాసుకుందట. తను చదివేసిందట.

నాకైతే అసలు ఉత్తరం ఆ అంచున ఉన్నదే. అయినా నువ్వు అడిగిన వరసలోనే వస్తాను.

కోర్సులో చేర్పించకు. ఈ విద్య పందొమ్మిదో శతాబ్దంలో ఫ్రాన్సులో మిషోఁ అనే మతగురువు ప్రచారంలోకి తెచ్చినది. ఇంగ్లిషు 'టి'కి అడ్డగీత ఎంత ఎత్తున పడింది, 'వై' తోక ఎంత కిందికి దిగింది అని చూసి కోపం, పిసినారితనం, ప్రేమ అన్నీ చెప్పేస్తారు. మనస్తత్వ శాస్త్రవేత్తలు దీన్ని మళ్ళీ మళ్ళీ పరీక్షించారు. నిలబడలేదు. రాత పోల్చి, ఈ వీలునామా మీద సంతకం ఫలానావాళ్ళదేనా అని తేల్చే నిపుణుల పని వేరు, అది కోర్టుల్లో ఉపయోగపడుతోంది. మనిషి గుణం చెప్పడం మాత్రం దాంతో అయ్యే పని కాదు. అసలు మన తెలుగులో 'టి' గీత ఎక్కడుందమ్మా? తలకట్టు, కొమ్ము, గుడి, వట్రసుడి, ఒత్తులు ఇవీ మనవి. తాటాకు మీద గంటంతో తిన్నటి గీతలు లాగితే ఆకు చీలుతుందని, అందుకే మన అక్షరాలు గుండ్రం తిరిగాయని పెద్దలు చెబుతారు. ఆకు స్వభావానికి లొంగిన అక్షరంలో పిల్ల స్వభావం వెతికితే ఏం దొరుకుతుంది?

మీలో ఎవరింట్లోనైనా తాతల నాటి దస్తావేజులుంటే తీసి చూడండి. కరణాల గొలుసుకట్టు రాత కనిపిస్తుంది. కలం ఎత్తకుండా, పదానికీ పదానికీ మధ్య జాగా లేకుండా, అలవాటు లేనివాళ్ళకి ఒక్క ముక్క అర్థం కాకుండా ఉంటుంది. 1984లో కరణీకాలు రద్దయ్యేదాకా మన డెల్టా ఊళ్ళ భూముల లెక్కలు చూసిన చేతులవి. ఏ ఊరి కరణం రాత చూసినా ఒకే బాణీ. వాళ్ళందరి గుణం ఒకటేనా? కాదు, వాళ్ళు నేర్చుకున్న పద్ధతి ఒకటి. మన రాతని మలిచేది పలక మీద దిద్దించిన పంతులు, చేతిలో పెన్ను, కూర్చునే బల్ల, రాయాల్సిన వేగం. మూడు గంటల పరీక్షలో పిల్ల రాసిన అక్షరమూ, తీరిగ్గా స్నేహితురాలికి రాసిన అక్షరమూ ఒకలా ఉండవు.

అలాగని రాతని గాలికొదిలెయ్యమనడం లేదు. ఒకే జవాబు అయినా, చక్కగా రాసిన కాగితానికి తెలియకుండానే ఎక్కువ మార్కులు పడతాయని పరిశోధనలు తేల్చాయి. దిద్దేవాళ్ళూ మనుషులే, కట్టలు కట్టలు దిద్దుతారు. అందుకని ముత్యాల్లాంటి అక్షరాలు అక్కర్లేదు గాని, చదవడానికి వీలుగా ఉండాలి. పదాల మధ్య జాగా, కొట్టివేతలు లేని వరస, ఒత్తు ఏ అక్షరానిదో తెలిసేలా రాయడం చాలు. రోజూ కాసేపు చూచిరాత రాయించు. దానికి కోర్సు ఎందుకు?

రాత నిజంగా చెప్పే విషయాలు కొన్ని ఉన్నాయి, అవి చాలామందికి తెలియవు. పెద్దవాళ్ళ అక్షరాలు వాక్యం సాగేకొద్దీ చిన్నవైపోయి, చీమల బారులా ముడుచుకుపోతుంటే వయసులే అని ఊరుకోకండి. పార్కిన్సన్స్ జబ్బుకి అది తొలి గుర్తుల్లో ఒకటి కావచ్చు. న్యూరాలజిస్టుకి చూపించండి. నాన్నగారి పాత సంతకం, కొత్త సంతకం రెండూ పట్టుకెళ్ళండి. ఇక చిన్నపిల్లల్లో, నోటితో జవాబు గడగడా చెప్పి, రాయమంటే మాత్రం ఏళ్ళు గడిచినా చెయ్యి సాగని వాళ్ళుంటారు. దాన్ని డిస్గ్రాఫియా అంటారు. బద్ధకం కాదు, పొగరు అసలే కాదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఇలాంటి అభ్యాస ఇబ్బందుల్ని గుర్తించింది. నిర్ధారణ పత్రం ఉంటే పరీక్షల్లో అదనపు సమయం అడగవచ్చు. ఎడమచేత్తో రాసే పిల్లల్ని చెయ్యి మార్చమని కొట్టకండి. ఈ మాట అమ్మమ్మలకీ నాయనమ్మలకీ కూడా చెప్పండి.

సరే, ఇప్పుడు ఆ నోటుబుక్కు.

నీ కూతురు చేస్తున్న పని మంచి పని చెల్లీ. 1986లో అచ్చయిన ఒక పరిశోధనలో పెన్నెబేకర్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త కాలేజీ విద్యార్థుల్ని పిలిచి, వరసగా 4 రోజులు, రోజుకి 15 నిమిషాలు రాయమన్నాడు. కొందరిని మామూలు విషయాలు రాయమన్నాడు, కొందరిని ఎవరికీ చెప్పుకోలేని బాధ గురించి. బాధ రాసినవాళ్ళకి ఆ పూట మనసు ఇంకా బరువెక్కింది, కొందరు ఏడ్చారు కూడా. కాని జరిగిందీ, దాని వల్ల తమకేమనిపించిందీ రెండూ కలిపి రాసినవాళ్ళు తర్వాతి నెలల్లో డాక్టరు దగ్గరికి వెళ్ళడం తగ్గింది. ఆ తర్వాత ఎన్నో దేశాల్లో ఇలాంటి పరీక్షలు జరిగాయి. లాభం కొండంత కాదు, అందరికీ ఒకేలా లేదు, కాని ఉంది. అందులో నాకు బాగా నచ్చిన సంగతి ఒకటుంది. ఎక్కువ మేలు పొందినవాళ్ళ రాతల్లో రోజులు గడిచేకొద్దీ 'ఎందుకంటే', 'అందువల్ల', 'ఇప్పుడు అర్థమైంది' లాంటి మాటలు పెరిగాయట. వెనక మన ఇళ్ళల్లో కాలవ నీళ్ళు బిందెలో పోసి చిల్లగింజ అరగదీసి కలిపేవారు, గుర్తుందా? మడ్డి మాయమైపోదు, అడుక్కి దిగుతుంది. రాయడం చేసే పని అదేనని నాకనిపిస్తుంది.

ఇది అమెరికావాళ్ళు చెబితే తెలిసింది కాదు మనకి. నూజివీడులో పుట్టిన మాలతీ చందూర్ గారు ఆంధ్రప్రభ వారపత్రికలో నాలుగు దశాబ్దాలకు పైగా 'ప్రమదావనం' అనే ప్రశ్నలూ జవాబుల శీర్షిక నడిపారు. అత్తగారి మాట, భర్త మౌనం, పిల్లలు పుట్టకపోవడం, చదువు ఆగిపోవడం లాంటివి ఇరుగుపొరుగుకి చెప్పుకోలేని ఆడవాళ్ళు ముఖమైనా చూడని మనిషికి రాశారు. అచ్చులో పడిన జవాబు కొందరికే. కాని నా నమ్మకం ఏమిటంటే, అది రాయడానికి మధ్యాహ్నం వంటింటి గడప మీద కూర్చున్న ఆ గంటలోనే సగం జవాబు వాళ్ళకి దొరికి ఉంటుంది. ఒక కష్టాన్ని ముక్కూమొహం తెలియని మనిషికి అర్థమయ్యేలా రాయాలంటే ఏది ముందు జరిగిందో, ఏది తర్వాతో, ఎవరి తప్పెంతో మనమే విడదీసుకోవాలి మరి.

ఉత్తరాల మాట వచ్చింది కనక ఇంకొకరి సంగతి. కృష్ణకి ఆవలి ఒడ్డున దుగ్గిరాల దగ్గర తుమ్మపూడిలో సంజీవదేవ్ గారు ఉండేవారు. 1914లో పుట్టి 1999లో పోయారు. వయసులో హిమాలయాలు తిరిగారు, చిత్రకారుడు నికొలాయ్ రోరిక్‌తో స్నేహం చేశారు, ఆఖరికి ఆ పల్లెలోనే నిలిచారు. బొమ్మలు వేశారు, వ్యాసాలు రాశారు, వాటితో పాటు ఉత్తరాలు. దేశదేశాల వాళ్ళకీ, పేరులేని కుర్రాళ్ళకీ ఒకే శ్రద్ధతో రాసేవారు. ఆ లేఖలు పుస్తకాలుగా వచ్చాయి. పొలాల మధ్య ఊళ్ళో కూర్చుని ఒంటరి కాకుండా బతికారాయన. నాకు ఆయన వ్యాసాలకన్నా ఉత్తరాలే ఇష్టం.

రామకోటి సంగతి కూడా చెప్పాలి. భోజనాలయ్యాక గళ్ళ పుస్తకం ముందేసుకుని శ్రీరామ, శ్రీరామ అని రాసుకుపోయే పెద్దమ్మలు మన ప్రతి వీధిలో ఉన్నారు. చెయ్యి ఒక లయలో పడుతుంది, ఊపిరి నెమ్మదిస్తుంది, కాసేపు మనసు పరుగు ఆపుతుంది. దాన్ని చులకన చెయ్యకండి. కాని అది మనసుని నిమ్మళింపజేసే రాత. లోపలి చిక్కు విప్పుకోవాలంటే మన సంగతి మన మాటల్లో రాసుకోవాల్సిందే. చేతులు వణికే పెద్దవాళ్ళు ఎవరిచేతైనా రాయించుకోవచ్చు. విశ్వనాథ వారు 'వేయిపడగలు' నోటితో చెబుతుంటే తమ్ముడు వెంకటేశ్వర్లు గారు 29 రోజుల్లో రాసిపెట్టారు. అంత పెద్ద నవలకే తప్పు లేనిది, అమ్మమ్మ చెప్పే పుట్టింటి కబుర్లకి తప్పా?

అయితే చెల్లీ, ఈ మేలంతా ఒక్క షరతు మీద నిలబడి ఉంది. ఎవరూ చదవరన్న ధైర్యం. పెన్నెబేకర్ కూడా అది మీకోసమే, కావాలంటే రాశాక చింపెయ్యండి అనే చెప్పాడు. అమ్మ చదువుతుందని తెలిసిన రోజున పిల్ల రెండు పనుల్లో ఒకటి చేస్తుంది. రాయడం మానేస్తుంది, లేకపోతే అమ్మకోసం రాస్తుంది. రెండోది మరీ ప్రమాదం.

నువ్వు చదివినదాంట్లో చచ్చిపోవాలని ఉంది, బతకాలని లేదు అనే ధోరణి మాట ఒక్కటున్నా, గుట్టు అనే మాట పక్కన పెట్టు. ఈ రాత్రే పక్కన కూర్చుని, ఆ మాటే పెట్టి, నెమ్మదిగా అడుగు. అడిగితే లేని ఆలోచన పుడుతుందని భయపడకు, పుట్టదు. 14416కి ఫోను చేస్తే టెలీ మానస్ వాళ్ళు తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. మానసిక వైద్యుల దగ్గరికి తీసుకెళ్ళు. ఇంటర్ పిల్లల మీద పడుతున్న బరువు మనకి తెలియనిది కాదు. పరీక్షలయ్యాక చూద్దాంలే అనుకోవద్దు.

అలాంటిదేమీ లేదు, స్నేహితురాలి మీద అలక, ఎవరో అబ్బాయి పేరు, నీమీద కోపం, ఇవే ఉన్నాయంటే పుస్తకం ఉన్నచోటే పెట్టు. పెట్టి, చదివానని చెప్పు. దాచకు. ఎప్పుడో ఒకప్పుడు నీ నోటంట ఆ పుస్తకంలో మాట జారుతుంది, అప్పుడు ఇంకా చెడుతుంది. "చదివాను, చదవకూడదు, ఇంకెప్పుడూ ముట్టను" అంటే చాలు. పిల్ల రెండు రోజులు మాట్లాడకపోవచ్చు. భరించు. నీమీద రాసిన కోపానికి సంజాయిషీ అడగకు. కోపాన్ని నీ ముఖాన అనకుండా కాగితం మీద పెట్టుకుంది కదా, అది ఆ పిల్ల తెలివి.

మాట్లాడాక ఎలా ఉందో నాకు రాయి. ఆ పుస్తకంలో ఏముందో మాత్రం రాయకు.