కెఫీర్ పానీయము: ఇంట చేయు విధము, పరీక్షించు విధము

పాలను పులియబెట్టి త్రాగుట అనేక దేశములందు పూర్వమునుండి గల ఆచారము. మన ఇండ్లలో పాలకు తోడువేసి పెరుగు చేయుదురు. నల్ల సముద్రమునకును కాస్పియన్ సముద్రమునకును నడుమనున్న కాకసస్ పర్వత ప్రాంతముల ప్రజలు పాలను తోలు తిత్తులలో పులియబెట్టి కెఫీర్ అను పానీయమును చేయుచుండిరి. రష్యాలో నేడును దానిని విరివిగా త్రాగుదురు.

కెఫీర్ గింజలు

కెఫీరునకు తోడుగా వేయు వానిని గింజలందురు గాని, అవి ధాన్యము కావు. కాలీఫ్లవరు తునకలవలె తెల్లగా, మెత్తగా ఉండు ముద్దలు. లాక్టిక్ ఆమ్లమును పుట్టించు సూక్ష్మజీవులును ఈస్టులును వీనిలో కలసి జీవించును. మొదటివి పాలలోని చక్కెరను ఆమ్లముగా మార్చి పులుపునిచ్చును. ఈస్టులు బొగ్గుపులుసు వాయువును, స్వల్పముగా మద్యసారమును పుట్టించును. అందుచేతనే కెఫీర్ పెరుగుకంటె పలుచగా, నాలుకకు చురుక్కుమనునట్లు ఉండును.

తయారుచేయు విధము

పులిసినచో పాలలోని రోగక్రిములన్నియు నశించునని కొందరు తలంతురు. ఇది సరికాదు. పచ్చిపాలవలన పశువుల క్షయ, బ్రూసెల్లోసిస్ వంటి వ్యాధులు సోకవచ్చును. కావున అరలీటరు పాలను పొంగువరకు కాచి, పూర్తిగా చల్లార్చవలెను. వేడిపాలలో వేసినచో గింజలు చెడిపోవును.

వేడినీటితో కడిగిన గాజుసీసాలో పాలు పోసి, రెండు పెద్ద చెంచాల గింజలు వేసి, మూతికి శుభ్రమైన గుడ్డ కట్టవలెను. మూత గట్టిగా బిగించినచో వాయువు పేరుకొని సీసా పగులవచ్చును. ఇత్తడి, రాగి పాత్రలను వాడరాదు. పులుపునకు ఆ లోహములు కరగి పానీయములో చేరును.

20 నుండి 25 డిగ్రీల సెంటీగ్రేడు వేడిమిలో సుమారు 24 గంటలకు పాలు చిక్కబడును. మన వేసవిలో ఇంకను త్వరగా పులియును గనుక, కొన్ని గంటలకే చూచుచుండవలెను. చిక్కబడినంతనే వడగట్టి, గింజలను క్రొత్త పాలలో వేయవలెను. పానీయమును రిఫ్రిజిరేటరులో ఉంచి, రెండు మూడు దినములలో వాడుకొనవలెను.

పరీక్షించు విధము

మంచి కెఫీరునకు పుల్లని వాసన, కొలదిగా ఈస్టు వాసన ఉండును. నీరు విడిపోవుట దోషము కాదు, కలిపి త్రాగవచ్చును. బూజుగాని, గులాబి, నారింజ, నలుపు రంగుల మచ్చలుగాని, కుళ్లు వాసనగాని కనబడినచో పానీయమును గింజలతో సహా పారవేయవలెను. రుచి చూచి నిర్ణయింపరాదు. పైపొర తీసివేసి మిగిలినది త్రాగుటయు తగదు.

ఎవరు జాగ్రత్త వహింపవలెను?

క్రొత్తగా త్రాగువారు మొదట పావు గ్లాసు మాత్రము త్రాగి చూడవలెను. ఏడాది నిండని శిశువులకు ఇయ్యరాదు. పాలు పడనివారు మానవలెను. గర్భిణులు, రోగనిరోధక శక్తి తగ్గినవారు వైద్యుని సలహా పొందవలెను.

1908లో నోబెల్ బహుమానమునందిన శాస్త్రజ్ఞుడు మెచ్నికోవ్, పులిసిన పాలు ఆయువును పెంచునని తలంచెను. అది నేటికిని రుజువు కాలేదు. కెఫీర్ ఆహారమే గాని ఔషధము కాదు. వ్యాధిగ్రస్తులు దీనిని నమ్మి చికిత్సను మానరాదు.