చర్యావేగ పరిభాష: ఖరగ్‌పూర్ తెలుగువారి దృష్టితో ఒక పరిశీలనము

పశ్చిమ బెంగాలులోని ఖరగ్‌పూర్ రైల్వే పట్టణమున తెలుగు కుటుంబములు తరతరములుగా నివసించుచున్నవి. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలమున ఉద్యోగములకై ఆంధ్రదేశమునుండి తరలివచ్చినవారి సంతతి అచట నేటికిని కలదు. తెలుగు, బంగ్లా, హిందీ భాషలు నిత్యము కలియు అట్టి చోట, సంస్కృతపదములతో కూర్చిన శాస్త్రపరిభాష మూడింటను ఒక్కటే యని తలచుట సహజము. రసాయన చర్యావేగమును గూర్చిన పాఠము ఈ తలంపును పరీక్షకు పెట్టును.

ముందు విషయమును గ్రహింపవలెను. రైల్వే వర్క్‌షాపులలో గ్యాసుతో ఇనుపరేకును కోయు పని సుపరిచితము. చల్లని ఇనుము గాలిలో వెంటనే మండదు; గాలిలో ఆక్సిజను ఘనపరిమాణమున సుమారు 21 శాతము మాత్రమే. ఇనుమును సుమారు 900 డిగ్రీల సెంటిగ్రేడువరకు కాల్చి, దానిపై శుద్ధమైన ఆక్సిజనును చిమ్మినచో అది క్షణములలో మండి తెగును. ఉష్ణోగ్రత, గాఢత అను రెండు కారణములును ఇచట కలసి పనిచేయుచున్నవి.

గాఢత ప్రభావమును 1864లో నార్వే శాస్త్రజ్ఞులు గుల్డ్‌బర్గ్, వాగె నియమరూపమున ప్రతిపాదించిరి. అణువులు దట్టమైన కొలది తాకిడులు హెచ్చును. ఉష్ణోగ్రత ప్రభావము ఇంతకంటె తీవ్రము. 27 డిగ్రీలనుండి 37 డిగ్రీలకు పెంచినచో వాయు అణువుల సగటు వేగము నూటికి రెండు వంతులైనను పెరుగదు. అయినను పెక్కు చర్యల వేగము దాదాపు రెట్టింపగును. చర్యకు వలసిన కనీసశక్తి గల అణువుల సంఖ్య ఎంతో హెచ్చుటయే దీనికి కారణము. 1889లో అర్హీనియస్ ఈ సంబంధమును వివరించెను.

ఇక పదముల మాట. తెలుగున 'గాఢత' యనునది ద్రావణములో పదార్థము ఎంత కలదో తెలుపును. 'సాంద్రత' ఘనపరిమాణమునకు గల ద్రవ్యరాశిని తెలుపును. హిందీలో 'సాంద్రతా' యనగా మన గాఢతయే. మన సాంద్రత అచట 'ఘనత్వ'. లీటరునకు 1 మోలు గల హైడ్రోక్లోరికామ్లమును 2 మోలులకు పెంచినచో గాఢత రెట్టింపగును. సాంద్రత నూటికి రెండు వంతులకు మించి పెరుగదు. హిందీ పాఠమును తెలుగు అర్థముతో చదివిన విద్యార్థికి నియమమే తలక్రిందులగును.

'తాప' శబ్దము స్థితియు నిట్టిదే. బంగ్లా శాస్త్రగ్రంథములలో అది ఉష్ణము. హిందీ శాస్త్రగ్రంథములలో అది ఉష్ణోగ్రత. తెలుగున 'ఉష్ణోగ్రత' ఉష్ణముయొక్క ఉగ్రతను చెప్పును గావున, ఉష్ణరాశితో దానిని కలపివేయుటకు తావులేదు. బంగ్లా 'తాపమాత్రా'లోని 'మాత్ర' తెలుగువానికి పరిమాణమును స్ఫురింపజేయును.

ఏకరూపమైన పదము ఏకార్థమును హామీ యీయజాలదు. కావున అనువాదకుడు పారిభాషిక పదముతోపాటు దాని నిర్వచనమును, కొలమానమును చూపుట అవసరము. లీటరునకు మోలులని చెప్పినచో ఏ భాషవాడైనను గాఢతనే గ్రహించును.