కోడి కార్జానికి నేల ఉసిరి: కషాయం కంటే ముందు మక్కల సంగతి చూద్దాం



పైన వీడియోలో నేల ఉసిరి కషాయం కాచే పద్ధతి చూపించాను. కొలతలు, జాగ్రత్తలు వీడియోలో పూర్తిగా చెప్పలేకపోయాను. అందుకే ఇక్కడ రాస్తున్నాను. ఈ కషాయం ఎక్కడ పని చేస్తుంది, ఎక్కడ పని చెయ్యదు అన్నది కూడా తెలియాలి. కొలతల కంటే అదే ముఖ్యం.

ఖమ్మం చేలు అయిపోయి భద్రాచలం అడవి మొదలయ్యే మా ఊళ్లల్లో ఇంటికి పది, ఇరవై నాటుకోళ్లు ఉంటాయి. పిల్లల ఫీజుకైనా, దవాఖానకైనా అర్జంటుగా డబ్బు కావాలంటే ముందు పుంజే సంతకు పోతది. ఒక ఏడు వానాకాలం మక్క కోసేటప్పుడు ముసురు పట్టింది. కంకులు కుప్పలోనే తడిసినయి. మంచి గింజ అమ్మేసి, నల్లబడ్డది, విరిగింది, అడుగున మిగిలిన దుమ్ము మక్కలు కోళ్లకు వేసినం. రెండు నెలల్లో పద్దెనిమిది కోళ్లలో పదకొండు పోయినయి. కొక్కెర తెగులు అనుకున్నా, కానీ టీకా వేయించిన కోళ్లే అవి. పశువుల డాక్టరు ఒకదాన్ని కోసి చూపించారు. కార్జం ముదురు ఎరుపు పోయి పసుపు పచ్చగా, ఉబ్బి, వేలితో నొక్కితే చిట్లేటట్టు ఉంది. "ఏం మేపుతున్నవ్?" అని అడిగారు. అంతే, నాకు విషయం అర్థమైంది.

బూజు నుంచి కార్జం దాకా

తడి గింజ మీద పచ్చటి బూజు పడతది. ఆ బూజు అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని తయారు చేస్తది. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు చనిపోతే, వాటి దాణాలో కలిపిన పల్లి చెక్కలో ఈ విషం మొదటిసారి బయటపడింది. మన దగ్గర 1982లో చిత్తూరు జిల్లా కోళ్ల ఫారాల్లో జరిగిన నష్టానికీ బూజు పట్టిన పల్లి చెక్కే కారణం.

ఇది కోళ్లతో ఆగే సంగతి కాదు. 1974లో రాజస్థాన్, గుజరాత్ సరిహద్దు గిరిజన పల్లెల్లో, కోతప్పుడు వానకు తడిసిన మక్కలు తిన్నవాళ్లకు కామెర్లు వచ్చి, పొట్టలో నీరు చేరి వంద మందికి పైగా చనిపోయారు. అదే తిండి తిన్న కుక్కలు కూడా పోయినయి. మన హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు దీన్ని పరిశీలించి, మక్కల్లోని అఫ్లాటాక్సినే కారణమని చెప్పారు.

కార్జానికే ఎందుకు దెబ్బ? కడుపులోకి పోయిన విషాన్ని విరగ్గొట్టి బయటికి పంపేది కార్జమే. ఈ విషాన్ని విరగ్గొట్టేటప్పుడు ఇంకా ప్రమాదమైన పదార్థం అక్కడే పుడతది, అక్కడి కణాలనే కాలుస్తది. కార్జం చెడితే మేత ఒంటబట్టదు, గుడ్లు తగ్గుతాయి, రోగాన్ని తట్టుకునే శక్తి పోతది. వేసిన టీకా కూడా సరిగా పట్టదు. కోడి పిల్లలకు, అంతకంటే ఎక్కువగా బాతు పిల్లలకు, టర్కీలకు ఈ విషం తొందరగా ఎక్కుతది.

కోళ్ల దాణాలో ఈ విషం కిలోకు 20 మైక్రోగ్రాములు దాటకూడదని మన దేశ ప్రమాణం. అంటే టన్ను దాణాలో 20 మిల్లీగ్రాములు. కంటికి కనపడేది కాదు. ఉడకబెట్టినా, వేయించినా పూర్తిగా పోదు. బూజు కడిగేసినా గింజలో విషం మిగులుతది. అన్నిటికంటే ఎక్కువ విషం ఉండేది విరిగిన గింజలో, దుమ్ములో, ముడుచుకుపోయిన గింజలో. మనం కోళ్లకు వేసేది సరిగ్గా అవే.

ముందు చెయ్యాల్సింది

1. మక్కలను నేల మీద కాకుండా పట్టా మీద ఆరబోయండి. తేమ 12 శాతం దగ్గరికి రావాలి.

2. తేమ మిషన్ లేకపోతే ఉప్పు పరీక్ష చెయ్యండి. పొడి గాజు సీసాలో మూడో వంతు మక్కలు, రెండు మూడు చెంచాల పొడి ఉప్పు వేసి ఒక నిమిషం ఊపండి. పావుగంట ఆగి చూడండి. ఉప్పు సీసా గోడకు అంటుకుంటే తేమ 15 శాతం పైన ఉన్నట్టు. అంటుకోకపోయినా ఇంకో రెండు ఎండలు వెయ్యండి.

3. జల్లెడ పట్టి దుమ్ము, విరుగుడు తీసెయ్యండి. బూజు పట్టినవి ఏరి ఎరువు గుంటలో వెయ్యండి. బర్రెకు పెట్టొద్దు, ఆ విషం పాలల్లోకి వస్తది.

4. సంచులు గోడకు ఆనించకుండా చెక్కల మీద పెట్టండి. తవుడు, పల్లి చెక్క నెలకు సరిపడా మాత్రమే తెచ్చుకోండి.

ఆకు మందులు ఎంతవరకు?

పసుపు: 2008లో అచ్చయిన ఒక పరిశోధనలో బ్రాయిలర్ పిల్లలకు కిలో మేతలో 1 మిల్లీగ్రాము అఫ్లాటాక్సిన్ కలిపి పెట్టారు. కొన్ని పిల్లలకు అదే మేతలో కిలోకు 5 గ్రాముల పసుపు కలిపారు. పసుపు తిన్న పిల్లల్లో విషం చేసే నష్టం తగ్గింది, కానీ పూర్తిగా పోలేదు. విషాన్ని పేగులోనే పట్టి ఉంచే ఒక రకం బంకమట్టి పొడిని పసుపుతో కలిపి ఇచ్చినప్పుడు ఇంకా మంచి ఫలితం వచ్చింది. ఇంట్లో ఉడకబెట్టి ఎండబెట్టిన కొమ్ములనే దంచి వాడండి. విడిగా అమ్మే పొడిలో రంగు కల్తీ ఉంటే కార్జానికి ఇంకో విషం పెట్టినట్టే.

నేల ఉసిరి: మన పల్లెల్లో కామెర్లకు తరతరాలుగా వాడుతున్న మొక్క. కోడి పిల్లల్లో అఫ్లాటాక్సిన్ మీద కూడా దీన్ని పరీక్షించారు, కార్జానికి కొంత రక్షణ కనపడింది. నేను చేసేది ఇది. ఇరవై పెద్ద కోళ్లకు వేర్లతో సహా ఒక గుప్పెడు (సుమారు 50 గ్రాములు) పచ్చి మొక్క కడిగి, దంచి, లీటరు నీళ్లలో సగం అయ్యేదాకా కాచి వడగట్టాలి. చల్లారినాక పొద్దుటి తాగునీళ్లు రెండు లీటర్లలో కలపాలి. ఐదు రోజులు ఇచ్చి పది రోజులు ఆపాలి. సాయంత్రం మిగిలితే పారబొయ్యాలి. ఇది మా ఇంటి లెక్క, ప్రయోగశాల కొలత కాదు.

గుంటగలగర, నేలవేము: రెండింటికీ కార్జం మందుగా పేరుంది. నేలవేము గట్టి చేదు, నీళ్లలో కలిపితే కోళ్లు తాగడం తగ్గిస్తాయి. మన కొత్తగూడెం, భద్రాచలం ఎండల్లో నీళ్లు తాగని కోడి ఆ రోజే పోతది. అందుకే ఎండాకాలం ఏ చేదు కషాయమూ తాగునీళ్లలో వద్దు.

మొక్క గుర్తుపట్టడం

నేల ఉసిరికి ఆకుల కింద వరసగా చిన్న కాయలు ఉంటాయి. కాడ తుంచితే పాలు రావు. పాలు వస్తే అది వేరే మొక్క, వదిలెయ్యండి. గుంటగలగర పూలు తెల్లగా ఉంటాయి, ఆకు నలిపితే కాసేపటికి చెయ్యి నల్లబడుతది. మిర్చి, పత్తి చేలల్లో మందు కొట్టిన చోట మొలిచిన మొక్క ఎంత పచ్చగా ఉన్నా ముట్టుకోవద్దు.

అడవిలో దొరికిందంతా మంచిదే అనుకోవద్దు. పక్కనే ఉన్న ఒడిశా మల్కన్‌గిరిలో 2016లో చాలామంది గిరిజన పిల్లలు చనిపోయారు. కసింద గింజల విషం పిల్లల కార్జాన్ని, మెదడును దెబ్బతీసిందని అక్కడికి వెళ్లిన నిపుణుల బృందం చెప్పింది. ఆ కసింద గింజ కోళ్లకూ విషమే. మేతలో కలవకుండా చూసుకోండి.

కోడి చనిపోతే

ఒకేసారి నాలుగైదు చనిపోతే మీరు కొయ్యొద్దు, పశువైద్యశాలకు చెప్పండి. బర్డ్ ఫ్లూ లాంటివీ ఉండొచ్చు. కొక్కెర తెగులు టీకాకు ఏ కషాయమూ బదులు కాదు. ఇంకో మాట: పుట్టిన మొదటి రోజుల్లో పిల్లల కార్జం సొన వల్ల పసుపుగానే ఉంటది, చూసి భయపడొద్దు.

మీరే పరీక్ష పెట్టండి

ఒకే వయసు పిల్లలను రెండు గుంపులు చెయ్యండి. రెండింటికీ ఒకే శుభ్రమైన మేత పెట్టి, ఒక గుంపుకే కషాయం ఇవ్వండి. వారానికోసారి కాటా మీద తూచి, ఆరు వారాలు నోటు పుస్తకంలో రాయండి. తేడా ఉంటే అంకెల్లో కనపడుతది. లేకపోతే ఆ కషాయం కాచే టైము మక్కలు ఏరడానికి పెట్టండి.

నా దగ్గర ఇప్పుడు ఇరవై ఆరు కోళ్లు ఉన్నాయి. కషాయం ఇస్తూనే ఉన్నాను. కానీ అవి నిలబడింది కషాయం వల్లే అని నేను చెప్పను. అదే ఏడాది నుంచి అడుగు మక్కలు వెయ్యడం కూడా మానేసినం. రెండూ ఒకేసారి మారినయి కాబట్టి, దేని వల్ల ఎంత అనేది నా లెక్కలో తేలదు. ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తాను: మనం తినడానికి, అమ్మడానికి పనికిరాని గింజ కోడికీ పనికిరాదు.