అమెరికా మెనూలో 'ఆంట్రే' అంటే ఏమిటి?

ప్రశ్న: వచ్చే నెల అమెరికాలో మా అమ్మాయి దగ్గరికి వెళ్తున్నాం. మేం శాకాహారులం. అక్కడి మెనూలో కనిపించే 'ఆంట్రే' అంటే ఏమిటి? 'పార్శిల్' అంటే వాళ్లకు అర్థమవుతుందా?
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, ఆంట్రే ఫ్రెంచి మాట. ఫ్రాన్సులోనూ ఆస్ట్రేలియాలోనూ భోజనంలో మొదట వడ్డించే వంటకాన్ని అలా అంటారు. అమెరికాలో మాత్రం అది అసలు భోజనమే. మనం స్టార్టర్స్ అనేవాటిని అక్కడ అపెటైజర్స్ అంటారు. ఆంట్రే ప్లేటు తరచూ ఇద్దరికి సరిపోయేంత ఉంటుంది కాబట్టి మొదట ఒకటే చెప్పి చూడండి.

'పార్శిల్' అంటే వాళ్లకు పోస్టులో వచ్చే కట్టే గుర్తొస్తుంది. ఇంటికి పట్టుకెళ్లడానికైతే 'టు గో' అనండి. మిగిలింది తీసుకెళ్లడానికి 'బాక్స్' అడగండి, మొహమాటం వద్దు. బిల్లును 'చెక్' అంటారు.

మీరు ముఖ్యంగా గమనించాల్సింది మరొకటి ఉంది. 'వెజిటబుల్ సూప్' అని రాసి ఉన్నా అందులో కోడిమాంసం ఉడికించిన నీళ్లు (చికెన్ బ్రాత్) కలిసి ఉండవచ్చు. పేరు చూసి నమ్మకండి. 'వెజ్' అని ఊరుకోకుండా 'వెజిటేరియన్' అని చెప్పి, మాంసం, చేప, చికెన్ బ్రాత్ వద్దని విడివిడిగా చెప్పండి.