మోకు నాతోనే ఆఖరనే నాన్నలకు

తిరుమలగిరిలో పదో తరగతి పిల్లల తల్లిదండ్రులతో మాట్లాడుతుంటే ఒక తండ్రి లేచాడు. "సార్, తాడు పట్టుడు నాతోనే ఆఖరు గావాలె. మా పిలగాడు కంప్యూటర్ ఇంజినీరింగే సదవాలె" అన్నాడు. ముప్పయ్యేళ్లుగా మోకు, ముస్తాదుతో తాటిచెట్లెక్కుతున్న గీత కార్మికుడాయన. ఆ మాట వెనకున్న భయాన్ని నేను కాదనను. కొడుకును చెట్టెక్కించమని ఏ తండ్రికీ చెప్పను. కాని తాడు పని చదువు లేనివాళ్లదే అన్న నమ్మకాన్ని మాత్రం ఒప్పుకోను.

ఆ రోజు వచ్చేదారిలో ఎండిన వేపచెట్టును పడగొట్టడం చూశాను. పైకొమ్మకు తాడు కట్టి, చెట్టు ఎటు పడాలో సరిగ్గా అటే నిలబడి ఆరుగురు లాగుతున్నారు. తాడు పొడవు చెట్టు ఎత్తుకు సరిపోదు. పక్కన ట్రాక్టర్ సిద్ధంగా ఉంది. అది ఒక్క కుదుపు కుదిపితే తాడు తెగి మనిషి మీదికి కొరడాలా వస్తుంది. ఎనిమిదో తరగతి సైన్సు తెలిసినవాడు ఒక్కడున్నా ఆ పని తీరే మారిపోయేది.

ఈ పిల్లల తాతలు మోట కొట్టినవాళ్లే. బావి మీది గిలక బరువును తగ్గించదు, లాగే దిక్కును మాత్రమే మారుస్తుంది. అందుకే ఎడ్లు వాలులో దిగుతూ తమ బరువును కూడా కలిపి లాగేవి. చెట్టు పనిలోనూ అంతే. దూరంగా ఉన్న గట్టి చెట్టు మొదలుకు గిలక కట్టి తాడు మళ్లిస్తే, లాగేవాళ్లు చెట్టు పడే దారి నుంచి పక్కకు తప్పుకుంటారు. ఇక్కడ ఒక మెలిక ఉంది. తాడు పూర్తిగా వెనక్కి తిరిగితే ఆ గిలకను కట్టిన మొదలుపై లాగుడుకు రెట్టింపు బరువు పడుతుంది. తాడుతో పాటు కదిలే గిలకను చేర్చితే బలం పెరుగుతుంది. మూడు పోగులు లాగేలా కడితే లెక్క ప్రకారం మూడింతలు. ఒక్కో గిలక దగ్గర పది శాతం రాపిడికి పోతే చేతికొచ్చేది సుమారు 2.7 ఇంతలు. దానికి బదులుగా బరువు ఒక అడుగు కదలాలంటే మూడడుగుల తాడు లాగాలి. తాడును పదడుగుల ఎత్తులో కాక ఇరవై అడుగుల ఎత్తులో కడితే, అదే బలానికి చెట్టును వంచే శక్తి రెట్టింపవుతుంది. ఇంతా చేసినా చెట్టు ఎటు పడాలో నిర్ణయించేది ముందు పెట్టిన గాటూ, కోతలో తెగకుండా వదిలిన చెక్కా. ఆ చెక్క తలుపు బందులా పనిచేస్తుంది. దాన్ని పూర్తిగా కోసేస్తే ఏ తాడూ కాపాడదు.

ఇదంతా ఇంజినీరింగ్ కాక మరేమిటి?

భువనగిరి గుట్ట మీద తాళ్లతో శిక్షణ పొందిన మాలావత్ పూర్ణ 2014 మే 25న, పదమూడేళ్ల వయసులో ఎవరెస్ట్ ఎక్కింది. 2024 జులైలో గీత కార్మికులకు, చెట్టు మీంచి పడకుండా కాపాడే కాటమయ్య రక్షా కిట్ల పంపిణీ మొదలైంది. తాడుకు శాస్త్రం తోడైతే ప్రాణం నిలుస్తుందని తెలంగాణకు కొత్తగా చెప్పనక్కర్లేదు.

ఇలాంటి పని మీద ఇష్టమున్న పిల్లలకు పది తర్వాత ఏ దారి అంటే, నా మొగ్గు ఐటీఐ వైపే. పది పాసైతే రెండేళ్ల ఫిట్టర్ ట్రేడ్, ఆపైన అప్రెంటిస్‌షిప్. చెట్లంటే ఇష్టమున్న ఇంటర్ సైన్స్ పిల్లలకు సిద్దిపేట జిల్లా ములుగులోని అటవీ కళాశాల ఉంది. చెట్టు కొట్టడం కన్నా ముందు, ఏ చెట్టును కొట్టకూడదో అక్కడ నేర్పుతారు. 2002 నాటి వాల్టా చట్టం ప్రకారం చెట్టు నరకడానికి అనుమతి కావాలన్నది కూడా ఈ పనిలో దిగేవాళ్లు మొదటే తెలుసుకోవాలి.

ఎత్తైన కట్టడాలపై తాళ్లతో పనిచేసేవాళ్లకు ఇరాటా సర్టిఫికెట్ ఉంటుంది. పద్దెనిమిదేళ్లు నిండాలి. మొదటి లెవెల్‌కు నాలుగు రోజుల శిక్షణ, ఆపైన పరీక్ష. రెండో లెవెల్‌కు వెళ్లాలంటే కనీసం ఏడాది గడవాలి, వెయ్యి గంటల పని లాగ్‌బుక్‌లో ఉండాలి. కాబట్టి "వారంలో పై లెవెల్ ఇప్పిస్తాం, గల్ఫ్ వీసా గ్యారంటీ" అనేవాడు అబద్ధమాడుతున్నాడు. మొదటి లెవెల్‌కే పదుల వేలు ఖర్చవుతుంది. పని దొరికే దారి చూసుకోకుండా దానికోసం అప్పు చేయకండి. విదేశీ ఉద్యోగానికి రిజిస్టర్డ్ ఏజెంట్ తీసుకోగలిగిన సర్వీస్ చార్జీ ముప్పై వేలు, దానిపై జీఎస్టీ. అంతే. లక్షన్నర అడిగితే లేచి వచ్చేయండి. ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్‌లో ముందు విచారించండి.

ఇంత జాగ్రత్త చెప్తే తలూపే తల్లిదండ్రులే, ఆరో తరగతి పిల్లాడి ఐఐటీ ఫౌండేషన్‌కు పొలం కుదువపెడతారు. నాకు ఓపిక నశించేది అక్కడే. పదకొండేళ్ల పిల్లాణ్ని పొద్దున ఐదింటి నుంచి రాత్రి తొమ్మిదింటి దాకా బల్లకు కట్టేయడం చదువు కాదు. వాడికి గిలక మీద వంద బిట్లు వచ్చు. గిలకను చేత్తో పట్టుకున్నది లేదు.

ఆ గీత కార్మికుడికి నేను చెప్పింది ఒక్కటే. "అన్నా, ఆదివారం రెండు గిలకలు, ఒక తాడు, పది కిలోల ఇసుక సంచి తెచ్చివ్వు. పిల్లాడు కట్టుకుంటాడు. సంచి అడుగు లేస్తే తాడు ఎన్నడుగులు వచ్చిందో వాణ్ని కొలవమను. వాడు విసుక్కుంటే కంప్యూటర్ చదువు గురించే మాట్లాడుకుందాం. మూడోసారి కూడా విప్పి, ఇంకోలా కట్టి చూస్తుంటే నాకు ఫోన్ చెయ్. ఐటీఐ అప్లికేషన్ నేనే దగ్గరుండి నింపిస్తా."