కొత్త మేతను పశువు ఎందుకు ముట్టదు?

కొత్త మేతను తొట్టిలో వేసినప్పుడు పశువు వాసన చూచి ముఖము త్రిప్పుకొనుట మీరెరిగినదే. దీనిని మొండితనమని తలచరాదు. ఏ మేతను కోరవలెనో, దేనిని విడువవలెనో పశువుకు నేర్పుటలో నాలుకతోపాటు కడుపుకును పాత్ర గలదు.

మెదడునుండి మెడగుండా పొట్ట, ప్రేగులవరకు వేగస్ అను నాడి యున్నది. అందలి పోగులలో ఎక్కువభాగము లోపలి అవయవముల కబురును మెదడుకు మోయునవే. రక్తములో చేరిన పోషకములు, ప్రేగులలో పుట్టు హార్మోనులు కూడ ఈ పని చేయును. తిన్న పిమ్మట ఒంటికి సత్తువ చేకూరినచో ఆ రుచిపై కోరిక పెరుగును. బాధ కలిగినచో విముఖత ఏర్పడును.

1990 దశకములో అమెరికాలోని యూటా రాష్ట్ర విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు గొఱ్ఱెపిల్లలకు ఒక రుచి కలిపిన గోధుమగడ్డి మేపి, పిండిపదార్థమును నేరుగా పెద్దపొట్టలోనికి పంపిరి. నాలుకకు పిండి తగులనే లేదు. అయినను తరువాత అవి ఆ రుచిగల గడ్డినే ఎక్కువగా కోరినవి.

ఇందలి పాఠమును యూరియాతో మాగవేసిన వరిగడ్డి విషయమున పాటింపవచ్చును. 4 కిలోల యూరియాను 50 లీటర్ల నీటిలో కరిగించి, 100 కిలోల గడ్డిపై చల్లి, గాలి చొరకుండ 3 వారములు కప్పియుంచెదరు. తీసిన గడ్డిని వెంటనే మేపక, ఘాటు పోవువరకు గాలికి ఆరనీయవలెను. మొదటిరోజుననే ఎక్కువగా వేసినచో అమ్మోనియావలన పశువుకు బాధ కలిగి, ఆ మేతపై రోత పుట్టవచ్చును. కనుక అలవాటైన మేతలో నాలుగవ వంతు మాత్రమే కలిపి, వారము పది రోజులలో క్రమముగా పెంచవలెను. 6 నెలలలోపు దూడలకు ఈ గడ్డి పెట్టరాదు.

అయితే “విషమైతే పశువే తినదు” అని నమ్మి ఊరకుండరాదు. కడుపు మెదడుకు నేర్పుటకు వ్యవధి కావలెను. లేత జొన్నలోను, వానలు లేక వాడిన జొన్నలోను ఉండు హైడ్రోసయనిక్ ఆమ్లము ఆ వ్యవధి నీయదు. నిమిషములలోనే ప్రాణము తీయగలదు. కావున అట్టి చేలలోనికి పశువులను తోలరాదు. పచ్చిజొన్నను పూతకు వచ్చిన పిమ్మటనే కోసి వేయవలెను. మేసిన పశువు ఎగశ్వాసతో తూలుచున్నచో క్షణమైనను జాగు చేయక పశువైద్యుని పిలిపించవలెను.

మేలైన మేతను పశువు కడుపే గుర్తించును. దానికి తగిన వ్యవధి నిచ్చుట, విషపు మేత దరిజేరకుండ కాచుట మీ వంతు.