ఆయన రక్తము ఎవరి మీద?
సిలువ చలనచిత్రముపై లేచిన వివాదము – లేఖన పాఠము

చదువవలసిన భాగములు: మత్తయి 27:11–26, లూకా 23:26–49, అపొ. కార్యములు 2:36–41, 4:23–28



శ్రమల దినములు వచ్చినప్పుడు సిలువను గూర్చిన చలనచిత్రములు చూచుట మనలో అనేకులకు వాడుక. 1978లో వచ్చిన 'కరుణామయుడు' చూచి కన్నీరు కార్చిన పెద్దలు మన మధ్య ఉన్నారు. ఆ తరువాతి తరము వారికి బాగుగా తెలిసిన చిత్రము మెల్ గిబ్సన్ తీసిన 'ది ప్యాషన్ ఆఫ్ ది క్రైస్ట్'. అది 2004 ఫిబ్రవరి 25న, భస్మ బుధవారము నాడు, అమెరికాలో విడుదలైనది. విడుదలకు ముందే, 2003లోనే, దానిమీద గొప్ప వివాదము లేచినది. ఆ వివాదమంతటిలో మన విశ్వాసమునకు తగులు ప్రశ్న ఒకటున్నది: యేసు ప్రభువు మరణమునకు బాధ్యులెవరు? ఈ ప్రశ్నను లేఖనముల వెలుగులో పరిశీలింతము.

1. వివాదమేమి?

గిబ్సన్ సుమారు 3 కోట్ల డాలర్ల సొంత ధనముతో ఈ చిత్రము నిర్మించెను. ప్రభువు మరణమునకు ముందరి కొద్ది గంటలే ఇందలి కథ. పాత్రలు అరామిక్, హెబ్రీ, లాటిన్ భాషలలో మాటలాడుదురు. వాటి అర్థము తెర అడుగున అక్షరములలో కనబడును. అమెరికాలో అనేక సంఘములు టిక్కెట్లు మొత్తముగా కొని విశ్వాసులను తీసికొని వెళ్లినవి. ప్రపంచమంతట 60 కోట్ల డాలర్లకు పైగా వసూలైనది.

అయితే యూదుల సంస్థలును, కొందరు రోమన్ కేథలిక్ పండితులును అభ్యంతరము తెలిపిరి. యూదుల పెద్దలను మిక్కిలి క్రూరులుగాను, పిలాతును మెత్తని మనస్సు గలవానిగాను చూపిరని వారి మాట. ముఖ్యముగా మత్తయి 27:25 విషయమై వారు కలవరపడిరి. ఆయన రక్తమునకు తామును తమ సంతానమును ఉత్తరవాదులమని జనసమూహము పలికిన మాట అది. గిబ్సన్ తెరమీద ఆ మాట అర్థమును తీసివేసెను గాని, అరామిక్ భాషలో ఆ కేకను అట్లే ఉంచెను.

వారి భయము ఊరక పుట్టినది కాదు. 1096లో మొదటి సిలువ యుద్ధమునకు బయలుదేరిన గుంపులు రైను నదీ తీరమున వర్మ్స్, మైన్జ్ పట్టణములలో యూదులను వధించెను. ఐరోపాలో పలుచోట్ల శుభ శుక్రవారము యూదులు తలుపులు మూసికొని కూర్చుండవలసిన దినమాయెను. ప్రేమామయుడైన ప్రభువు పేరట జరిగిన ఈ పనులు తలంచుకొనుటకే సిగ్గు కలుగుచున్నది. 1965లో రెండవ వాటికన్ మహాసభ, క్రీస్తు శ్రమల నేరమును ఆనాటి యూదులందరి మీద గాని, నేటి యూదుల మీద గాని మోపరాదని ప్రకటించినది.

2. చిత్రమును వాక్యముతో సరిచూతము

బెరయవారు పౌలు బోధనే లేఖనములతో సరిచూచిరి (అపొ. కార్యములు 17:11). అట్లయిన చలనచిత్రమును సరిచూడవద్దా?

వెరోనికా అను స్త్రీ తన వస్త్రమును ప్రభువుకు అందించుట, సాతాను శిశువును ఎత్తుకొని తిరుగుట, కాకి దొంగ కన్ను పొడుచుట, పిలాతు భార్య మరియకు వస్త్రములిచ్చుట – ఇవేవియు సువార్తలలో లేవు. అన్నా కాతరీనా ఎమ్మెరిక్ (1774–1824) అను జర్మనీ సన్యాసిని దర్శనములని 1833లో ప్రచురింపబడిన పుస్తకమునుండి గిబ్సన్ కొన్ని సంగతులు తీసికొనెను.

పిలాతు సంకోచించెనన్నది సువార్తలలో ఉన్నదే. అయినను గలిలయుల రక్తమును వారి బలులతో కలిపినవాడు ఈ పిలాతే (లూకా 13:1). నీతిమంతుడని తానే ఒప్పుకొనిన వానిని మరణమునకు అప్పగించినవాడును ఇతడే. నీళ్లతో కడుగుకొన్నంత మాత్రమున ఆ చేతులు శుద్ధి కాలేదు.

మరియొకటి గమనింపుడి. కొరడా దెబ్బలను సువార్తికులు ఒక్క మాటతో ముగించిరి (మత్తయి 27:26, మార్కు 15:15, యోహాను 19:1). చిత్రములో అదే సంగతి చూడలేనంత సేపు సాగును. 2005లో కొన్ని నిమిషముల హింసను తగ్గించి మరల విడుదల చేసిరి. గాయములు ఎన్ని అని లెక్కించుటకంటె, అవి ఎవరి కొరకు అని తెలిసికొనుటయే సువార్తికుల భారము.

3. లేఖనము ఎవరిని దోషులనుచున్నది?

ఆదిసంఘము చేసిన ప్రార్థన ఇందుకు తేట జవాబు (అపొ. కార్యములు 4:27, 28). హేరోదు, పొంతి పిలాతు, అన్యజనులు, ఇశ్రాయేలు ప్రజలు – నలుగురి పేర్లును ఒకే వరుసలో ఉన్నవి. యాజకులు అప్పగించిరి, రోమా అధిపతి తీర్పు చెప్పెను, రోమా సైనికులు మేకులు కొట్టిరి. సిలువ రోమీయుల శిక్ష.

యూదులందరు ఆ కేక వేయలేదు. రొమ్ము కొట్టుకొని ఏడ్చినవారు యూదులే. ఆ ఆలోచనకు సమ్మతింపని అరిమతయియ యోసేపు యూదుడే. సిలువయొద్ద నిలిచిన తల్లియు, శిష్యుడును యూదులే. ప్రభువు తానే శరీరమునుబట్టి యూదుడు.

ఇక మన మాట. మనమందరము త్రోవ తప్పిన గొఱ్ఱెలమనియు, మన దోషము ఆయనమీద మోపబడెననియు యెషయా చెప్పుచున్నాడు (53:6). చిత్రములో మేకు పట్టుకొనిన చెయ్యి గిబ్సన్‌దే. తన పాపములును అందులో ఉన్నవని అతడు చెప్పెను. ఆ ఒక్క సంగతిని చూచువారందరు గ్రహించిన యెడల, ఏ జాతిని ద్వేషించుటకును ఎడము లేదు.

4. ఆ రక్తము ఏమి పలుకుచున్నది?

జనులు తమ మీదికిని తమ పిల్లల మీదికిని పిలుచుకొనినది ఎవరి రక్తము? ముందటి రాత్రియే ప్రభువు, అది పాపక్షమాపణ కొరకు చిందింపబడు రక్తమని చెప్పెను (మత్తయి 26:28). సిలువమీద ఆయన తండ్రిని అడిగినది శిక్ష కాదు, క్షమాపణ. యాబది దినములు గడిచిన తరువాత, అదే యెరూషలేములో పేతురు నిలువబడి, దేవుని వాగ్దానము వారికిని వారి పిల్లలకును కలదని ప్రకటించెను (అపొ. కార్యములు 2:39). పిల్లల పేరట పలికిన శాపమునకు దేవుడిచ్చిన జవాబు ఇదే. ఆ దినమున ఇంచుమించు 3000 మంది బాప్తిస్మము పొందిరి. హేబెలు రక్తముకంటె శ్రేష్ఠమైన మాట పలుకు రక్తమిది (హెబ్రీ 12:24). దానిని పగకు సాక్షిగా నిలువబెట్టుట ఎంత అపరాధము!

5. మన సంఘములకు

తరతరములుగా ఇతర భాషల ప్రజల మధ్య కాపురమున్న మనకు ఈ పాఠము దగ్గరిది. ఒక తెలుగువాడు చేసిన తప్పునకు "మీవాళ్లంతా ఇంతే" అనిపించుకొనుట ఎంత బాధయో మనమెరుగుదుము. ఆ బాధను మరియొక జాతికి మనము కలిగింపరాదు. విశ్వసించిన అన్యజనులు అతిశయింపరాదని పౌలు రోమా సంఘమును హెచ్చరించెను (రోమా 11:18).

కావున శుభ శుక్రవారము నాటకము వేయించు యౌవనస్థులు కయపను నవ్వులపాలు చేయక, పిలాతును నిర్దోషిని చేయక, వాక్యమున్నట్లే చూపవలెను. చిత్రము ప్రదర్శించు సంఘములు ముందుగా సువార్త భాగమును చదివింపవలెను. ముగిసిన తరువాత, లేఖనములో ఉన్నదేది, చేర్చినదేది అని పిల్లలకు తెలియజెప్పవలెను.

చర్చకు ప్రశ్నలు

1. అపొ. కార్యములు 4:27లోని నలుగురిలో ఒక్కరినే దోషిగా ఎంచిన యెడల సువార్తకు కలుగు నష్టమేమి?
2. మత్తయి 27:25ను అపొ. కార్యములు 2:39తో కలిపి చదివినప్పుడు మీకు తెలియునదేమి?
3. మన ఊరిలో, మన వీధిలో, ఒకరి తప్పును బట్టి మనము దూరముంచిన జనులెవరైన ఉన్నారా? వారికి మనము చేయవలసినదేమి?

తన్ను సిలువ వేసినవారి కొరకు ప్రార్థించిన ప్రభువు, ఆ మనస్సును మనకును దయచేయును గాక. ఆమేన్.